అన్న లైసెన్సు మీద

మున్సిపాలిటీ పని ఎట్లా దొరుకుతుందని మా వాడకట్టు వాళ్లు ఇప్పటికీ నన్నే అడుగుతారు. ఒకామె యూనిఫారాలు కుడుతుంది. ఇంకొకామె ఫినాయిల్ తయారు చేస్తుంది. ముత్తంగి దగ్గర కిరాయి గోదాములో ఒకాయన మొక్కల చుట్టూ పెట్టే ఇనుప జాలీలు చేస్తాడు. అందరిదీ ఒకటే ఆశ. కంపెనీలు పిలిస్తే పిలుస్తాయి, లేకపోతే ముఖం తిప్పుకుంటాయి. మున్సిపాలిటీ ఎక్కడికీ పోదు. వీధులున్నన్నాళ్లూ చెత్త ఉంటుంది, చెత్త ఉన్నన్నాళ్లూ పని ఉంటుంది.

నేను కాదనను. కూర్చోబెట్టి చెబుతాను. ముందు మీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించుకోండి, జీఎస్టీ తీసుకోండి, చిన్న పరిశ్రమ అని నమోదు చేయించుకుంటే కొన్నిచోట్ల టెండరుతో ధరావతు డబ్బు కట్టే బాధ తప్పుతుంది అంటాను. ఆన్‌లైన్‌లో టెండరు వేయడానికి పెన్‌డ్రైవ్ అంత ఉండే డిజిటల్ సంతకం ఒకటి ఇస్తారు, దాన్ని బంగారం లెక్క మీ బీరువాలో పెట్టుకోండి, ఇంటర్నెట్ సెంటరులో వదిలి రాకండి అంటాను. ఆఖరు రోజు దాకా ఆగితే సర్వరు సతాయిస్తుందనీ చెబుతాను. ఇవన్నీ అయ్యాక ఒక మాట అంటాను. "ఏం జేసినా మీ పేరు మీదనే చేయుండ్రి. సొంత తోడబుట్టినోడైనా సరే, ఇంకొకరి లైసెన్సు మీద మాత్రం చేయకుండ్రి." ఎందుకక్కా అని అడుగుతారు. అప్పుడు నేను పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచిపోతాను. పొయ్యి మీద పాలు ఉండవు.

చిట్కుల్‌లో మాకొక రేకుల షెడ్డు ఉండేది. సొంతం కాదు, కిరాయిదే. మా ఆయన ఐటీఐలో ఫిట్టర్ చదివి, పటాన్‌చెరు వైపు కంపెనీల్లో కొన్నాళ్లు పని చేసి, పెళ్లయ్యాక సొంతంగా వెల్డింగ్ మిషను కొనుక్కున్నాడు. కంపెనీలకు ట్రాలీలు, ర్యాకులు, గేట్లు చేసేవాడు. ఆయనది మాట తక్కువ. నేను ఇంటర్ దాకా చదివాను, నాకు మాట ఎక్కువ. అందుకని ఇనుము కొనడం, బేరం ఆడటం, బిల్లులు రాయడం, ఫోనులో తిట్టడం నా పని. చేసేది ఆయన. ఒడిశా నుంచి వచ్చిన వెల్డర్లు ఇద్దరు ఆయనకు తోడు ఉండేవాళ్లు. వాళ్లతో ఆయన హిందీలో మాట్లాడేది తక్కువే, చెయ్యి చూపిస్తే వాళ్లకు అర్థమయ్యేది.

కంపెనీ వాళ్ల పని అంటే జాబ్ వర్క్. ఇనుము వాళ్లది, డ్రాయింగ్ వాళ్లది, చేతులు మాత్రం మనవి. చేసిచ్చాక ఆ వస్తువు మీద మన గుర్తు ఎక్కడా ఉండదు. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ వాడు ఫోను చేసి లోపలి వాళ్లు రమ్మనే దాకా ఎండలో నిలబడాలి. ఎన్నేళ్లు నిలబడ్డాడో మా ఆయన. ఒకసారి అన్నం తింటూ అన్నాడు, "నా పేరు మీద ఒక్క పని చేయాలె. ఇది నేనే చేసిన అని నలుగురికి సూపెట్టేది." ఆయన ఇన్నేళ్లలో నన్ను ఏదీ అడగలేదు. అడగక అడగక అడిగింది ఇది ఒక్కటే. అందుకే నాకు అంత పట్టుదల.

మా వైపు ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేశారు. పంచాయతీ ఆఫీసుకు కొత్త బోర్డు వచ్చింది, సర్పంచి కుర్చీలోకి కమిషనర్ వచ్చాడు. మొదట్లోనే చెత్తబండ్లకు టెండరు వచ్చింది. తోసుకుంటూ పోయే మూడు చక్రాల బండి, తడి చెత్తకు ఒక డబ్బా, పొడి చెత్తకు ఒక డబ్బా. మా ఆయన ఆ వివరాలు చదువుతుంటే ముఖం వెలిగింది. నాకైతే దిష్టి తీయాలనిపించింది. కానీ షరతులు చూస్తే నీరుగారిపోయాం. రిజిస్టరైన కాంట్రాక్టరు అయి ఉండాలి, ఇంతకుముందు ప్రభుత్వానికి ఏదైనా పని చేసి ఉండాలి. సర్కారు పని చేసి ఉంటేనే సర్కారు పని ఇస్తారట! మొదటిసారి చేసేవాళ్లు ఎక్కడి నుంచి ఊడిపడాలో ఎవరూ చెప్పరు.

మా వైపు దీనికి ఒక దారి ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ల పేరు మీద లేనివాళ్లు పని చేసుకుంటారు. పేరు ఇచ్చినందుకు కమీషన్ ఇస్తారు. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనరు. తెలివైనవాళ్లు మధ్యలో ఒక కాగితం రాసుకుంటారు. రేపు మాట తేడా వస్తే కనీసం పెద్దమనుషుల ముందు చూపించడానికన్నా పనికొస్తుందని.

మా అన్నకు లైసెన్సు ఉంది. సంగారెడ్డి అవతల మా పుట్టింటి ఊళ్లో పంచాయతీకి మురుగు మోరీలు, సిమెంటు రోడ్లు వేయించేవాడు. నాకంటే చాలా పెద్ద. నాయన పోయినప్పుడు నేను చిన్నదాన్ని. అన్నే నన్ను సైకిలు మీద బడికి తీసుకుపోయేవాడు, అన్నే నా పెళ్లి చేశాడు. పెళ్లిలో అప్పగింతలప్పుడు మా అమ్మ కంటే ఎక్కువ ఏడ్చింది వాడే. ఇప్పటికీ ఆ ఫొటో చూస్తే, ముక్కు ఎర్రగా చేసుకుని, తువ్వాల నోట్లో కుక్కుకుని ఉంటాడు.

ఆ ఏడాది నాకు ఒడిబియ్యం పోశారు. మా తెలంగాణలో ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, కొత్తచీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒళ్లో పోస్తారు. అన్నదమ్ములే పోయాలి. మా అన్న దోసిళ్ల నిండా తీసి తీసి పోస్తుంటే వదిన, "ఇగ చాలు, మోయలేదు" అని నవ్వింది. "మోయకపోతే ఇంటిదాంక నేనే మోస్త" అన్నాడు వాడు.

భోజనాల దగ్గర టెండరు మాట వచ్చింది. మా ఆయన మెల్లగా చెప్పాడు. అన్న వింటూనే, "గింత దానికి పరేషాన్ ఎందుకు బావా? నా లైసెన్సు ఉన్నది గద. నా పేరు మీద ఏద్దాం, పని నువ్వు చేస్కో. పైసలు వచ్చినంక వచ్చినట్టే నీకు పంపిస్త" అన్నాడు.

మా ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, మొహమాటంగానే అన్నాడు. "మంచిది బావా. రివాజు ఎట్లుంటే అట్లనే చేద్దాం. కమీషన్ ఎంతనో చెప్పు. ఒక కాయితం గూడ రాసుకుంటే ఇద్దరికీ మంచిగుంటది."

అన్న ముఖం చిన్నబోయింది. "ఇప్పుడే గద చెల్లె ఒడిల బియ్యం పోసిన. గవే చేతులతోని కమీషన్ పట్టుకోవాల్నా? నడుమ కాయితమా? పరాయోన్ని చేసినవ్ గద బావా నన్ను."

ఇంట్లో అందరూ మా ఆయనను ఏదో తప్పు చేసినట్టు చూశారు. నేనూ అట్లాగే చూశాను. ఒడిబియ్యం మూట పక్కన పెట్టుకుని అన్నను కాగితం అడగడం ఏ ఆడపిల్లకు చేతనవుతుంది? మా ఆయన రెండు చేతులూ జోడించి, "తప్పయింది బావా, మనసుల పెట్టుకోకు" అన్నాడు. అన్న ఆయన్ను పట్టుకుని కౌగిలించుకున్నాడు. వచ్చేటప్పుడు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని మా అన్నంత అన్న ఎవరికీ ఉండడని గొప్పలు చెప్పుకుంటూ వచ్చాను. ఆయన ఊ కొట్టాడు. బయటివాళ్ల దగ్గరికి పోయి ఉంటే కమీషన్ ఇచ్చి, కాగితం తీసుకుని, హాయిగా ఉండేవాళ్లం. సొంతవాళ్లు కాబట్టి కమీషన్ ఇవ్వలేదు, కాగితం తీసుకోలేదు.

టెండరు ఎట్లా వేయాలో నేర్పింది కూడా అన్నే. ఆఫీసువాళ్లు అంచనా వేసిన ధర మీద ఎంత తగ్గించి చేస్తామో చెప్పాలి, దాన్నే లెస్ అంటారు. ఎక్కువ లెస్ పోతే పని వస్తుంది గానీ మనిషి మునుగుతాడు. "వాడు ఎంత పోతడో, వీడు ఎంత పోతడో అని చూడకు. మన ఇనుము, మన కూలి, మన కిరాయి లెక్క వేస్కో. గంతకంటె కిందికి దిగకు, పోతే పోనియ్" అన్నాడు. ఈ మాట నేను ఇప్పటికీ అందరికీ చెబుతాను. ఎవరు చెప్పారో చెప్పను.

పని మాకే వచ్చింది. అంటే అన్నకు వచ్చింది.

ముందు నమూనా బండి ఒకటి చేసి చూపించాలి. ఆ బండి మీద మా ఆయన పడ్డ యావ చూసి నాకు ఈర్ష్య పుట్టింది. డ్రాయింగ్‌లో పిడి మగవాళ్ల ఎత్తుకు ఉంది. "తోసేది ఆడోళ్లు గద" అని, నన్ను పిలిచి బండి ముందు నిలబెట్టాడు. ఇసుక బస్తాలు ఎక్కించి, "తొయ్యి" అన్నాడు. నా వంట ఎవరు చేస్తారు అంటే వినడే! మా గల్లీలో ఈ మూల నుంచి ఆ మూల దాకా తోశాను. ఎదురింటామె గుమ్మంలో నిలబడి, "ఏందక్కా, మున్సిపల్‌ల నౌకరీ దొరికిందా?" అని నవ్వింది. "దొరికింది. మీ ఇంటి కాడ్నే షురూ చేస్త, చెత్త తీస్కొని రా" అన్నాను. ఆయన అదేమీ వినడం లేదు. నా మోచేతులు చూస్తున్నాడు, నడుము చూస్తున్నాడు, పిడి కోసి కిందికి దించి మళ్లీ అతికిస్తున్నాడు. మా మట్టి గల్లీల్లో దిగబడకుండా చక్రాలు పెద్దవి వేశాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను అంత సేపు చూసింది ఆ రోజే.

ఆఫీసు ఆవరణలో సఫాయి పనిచేసే అమ్మలక్కలు ఆ బండి తోసి చూశారు. ఒక పెద్దామె, "నడుముకు మంచిగున్నది సార్, వంగుడు తప్పింది" అంది. ఇంజినీరు మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ రాత్రి తింటూ, "సారు చెయ్యి ఇచ్చిండే" అన్నాడు ఆయన. చాప పరుచుకున్నాక కూడా మళ్లీ అదే అన్నాడు. నేను, "ఆ చెయ్యి కడగకు ఇగ" అని ఆటపట్టించాను.

బండ్లన్నీ సమయానికే చేసిచ్చాం. ప్రతి బండి మీద సరఫరా చేసిన కాంట్రాక్టరు పేరు రాయాలన్నారు. మా అన్న ఫర్మ్ పేరు రేకు మీద కోయించి, రంగు స్ప్రే చేసింది మా ఆయనే. ఒక అక్షరం కాస్త వంకర పోతే తుడిచి మళ్లీ కొట్టాడు. బిల్లు అన్న ఖాతాకే వచ్చింది. అన్న ఇచ్చిన మాట ప్రకారం మాకు పంపేశాడు, పైసా కూడా ముట్టుకోలేదు. ఇది గట్టిగా చెప్పాలి. ఎందుకంటే ఈ కథ విన్నవాళ్లు ముందు అడిగేది అదే, డబ్బు తిన్నాడా అని. తినలేదు. తిని ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని.

ఆ తర్వాత నేను ఆఫీసుల చుట్టూ తిరిగి మా ఆయన పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించాను. సర్టిఫికెట్ వచ్చిన రోజు ఆయన దాన్ని చూసి, మళ్లీ కవరులో పెట్టి, దేవుడి పటాల దగ్గర ఉంచాడు. ఈలోపు కంపెనీ పనులు తగ్గాయి. పెద్ద కంపెనీలు పుణె నుంచో ఎక్కడి నుంచో తయారుగా వచ్చే ట్రాలీలు తెప్పించుకోవడం మొదలుపెట్టాయి. ఒడిశా వాళ్లిద్దరూ కాజీపల్లిలో మందుల కంపెనీకి పోయారు. షెడ్డు యజమాని, ఆ జాగాలో కంపెనీ కూలీలకు గదులు కట్టి కిరాయికి ఇస్తానని, ఖాళీ చేయమని అడుగుతూనే ఉన్నాడు. చేతిలో ఒక పెద్ద పని ఉందని చూపిస్తే ఇంకొన్నాళ్లు ఆగుతానన్నాడు. అట్లాంటి సమయంలో మళ్లీ చెత్తబండ్ల టెండరు వచ్చింది. ఊరు పెరిగింది కదా, ఇంకా బండ్లు కావాలి.

ఈసారి మా పేరు మీదే వేశాం. అన్నీ ఉన్నాయి, అనుభవం ఒక్కటే లేదు. చేసిన పని ఉంది, వీధుల్లో తిరుగుతోంది, కాగితం మీద మాత్రం అది మా అన్న చేసిన పని. అన్నకు ఫోను చేశాను. "పని మీ బావ చేసిండని ఒక లెటర్ ఇయ్యన్నా, చాలు."

"ఇస్త బిడ్డా, గదేం పెద్ద ముచ్చట" అన్నాడు.

వారం పోయింది. మళ్లీ అడిగితే ఊళ్లో లేనన్నాడు. మళ్లీ అడిగితే సైటు మీద ఉన్నానన్నాడు. వదినకు చేస్తే, "నాకు గవన్ని ఏం తెలుసు" అంది. అన్న కొడుకు ఇంజినీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క, తండ్రి లైసెన్సు మీదే పని మొదలుపెట్టాడని అప్పుడే తెలిసింది. ఆ టెండరు వాళ్లు కూడా వేశారని మాత్రం తెలియలేదు. నేను ఫోను పెట్టేసి, అన్నకు పని ఒత్తిడి ఎక్కువైందని మా ఆయనకు సర్దిచెప్పాను.

లెటరు లేకుండానే, బండ్లు చేసేటప్పుడు తీసిన ఫొటోలు పెట్టి టెండరు వేశాం. కాగితాలు పరిశీలించే రోజు మమ్మల్ని పిలిచారు. పాత ఇంజినీరు బదిలీ అయి కొత్తాయన వచ్చాడు. చిన్న వయసు, మంచి మనిషి. అది ముందే చెప్పాలి, ఆయన మాకు సాయం చేయాలనే ఆ పని చేశాడు.

"అన్నా, ఈ బండ్లు మీరే చేసిండ్రని మా సఫాయోళ్లు అందరు చెప్తున్నరు. ఫొటోల గూడ మీరే ఉన్నరు. కాని రికార్డుల మీ పేరు లేదు. మెయిన్ కాంట్రాక్టరు ఒక్క మాట చెప్తే, లెటర్ తర్వాత తెచ్చుకోండ్రి, నేను పైన మాట్లాడి చూస్త" అన్నాడు. మా ఎదుటే ఫోను తీసి, మేమూ వినాలని స్పీకరులో పెట్టాడు.

"మా అన్ననే సార్" అన్నాను నేను నవ్వుతూ. ఇంక అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను.

అన్న ఫోను ఎత్తాడు. ఆఫీసర్లతో మాట్లాడే గొంతు అది, నమస్తే సార్ అని ముందే వంగిపోయే గొంతు. ఇంజినీరు అడిగాడు, "మీరు మాకు సప్లై చేసిన చెత్తబండ్లు చిట్కుల్‌ల ఒకాయన షెడ్డుల చేసిండ్రంట గద. ఆయన మీకు సబ్ కాంట్రాక్టరా?"

అన్న గొంతు ఇంకొంచెం వంగింది. "లేదు సార్. సబ్ గిబ్ ఏం లేదు. పని మొత్తం మేమే చేసినం. గాయన మా దగ్గర వెల్డింగ్ కూలికి వచ్చేటోడు."

"మీకు చుట్టం అంటున్నరు?"

"చుట్టాలు అందరుంటరు గద సార్. పని పనే."

ఇంజినీరు స్పీకరు తీసేసి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు, సరే సరే అని కట్ చేశాడు. మా వైపు చూడలేదు. నేను లేచాను. నా ఫోను తీశాను, వాణ్ణి అక్కడికక్కడే కడిగేద్దామని. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు. ఆఫీసు ఇది" అన్నాడు. తర్వాత ఇంజినీరును, "జెర నీళ్లుంటే ఇప్పిస్తరా సార్" అని అడిగాడు. సీసా తెప్పించి ఇస్తే, మెల్లగా తాగి, మూత పెట్టి, "మీకు తక్లీఫ్ ఇచ్చినం" అన్నాడు. ఆయన గొంతులో ఏ తేడా లేదు. ఫైలు మాత్రం ఆ బల్ల మీదే మరిచిపోయాడు, నేను వెనక్కిపోయి తెచ్చాను.

మోటారు సైకిలు మీద ఇంటికి వస్తుంటే వెనక కూర్చుని ఏడ్చాను. లారీలు, కంపెనీ బస్సులు, దుమ్ము. ఎవరికీ వినబడదు కదా అని గట్టిగానే ఏడ్చాను. ఆయనకు వినబడే ఉంటుంది.

మర్నాడు ఒక్కదాన్నే పుట్టింటికి పోయాను. అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, తల కూడా ఎత్తలేదు. స్పీకరులో మేమిద్దరం విన్నామని చెప్పాను. వాడి ముఖం నల్లబడింది. అంతవరకు వాడికి తెలియదు.

"నీ నోట్లె ఆ మాట ఎట్లొచ్చింది అన్నా? గా మనిషి కూలోడా?"

"బిడ్డా, కూసో. నేను చెప్పేది ఇను" అన్నాడు. "ఆఫీసోళ్లకు చెప్పకుంట పని ఇంకొకరికి ఇచ్చుడు రూల్ లేదు. సబ్ అని ఒప్పుకుంటే నన్ను బ్లాక్‌లిస్టుల పెడ్తరు. నా లైసెన్సు పోతది. పిలగాడు ఇప్పుడే షురూ చేసిండు, ఆనికి ఇంకో దారి లేదు."

"గయితే పార్ట్‌నర్ అనకపోయినవా? నా చెల్లె మొగడు అనకపోయినవా?"

"పార్ట్‌నర్ అంటే కాయితం ఏది అంటరు. చుట్టం అంటే బినామీ అంటరు." వాడు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "కూలోడంటే ఎవ్వలు ఏం అడగరు బిడ్డా."

మొండిగా అబద్ధం ఆడితే పోట్లాడవచ్చు. వాడు చెప్పింది రూలు ప్రకారం నిజమే. నేను ఏ ఆఫీసుకు పోయి అడిగినా అదే చెబుతారు. వాడు నా సంసారాన్ని ముంచాలని అనలేదు, తన కొడుకును గట్టెక్కించుకోవాలని అన్నాడు. అది అర్థమయ్యాక నా కోపానికి కాళ్లు లేకుండా పోయాయి, దుఃఖం మాత్రం మిగిలింది. వదిన అన్నం పెట్టింది. కలిపాను గానీ ముద్ద దిగలేదు. పుట్టింట్లో అన్నం వదిలేసి లేవడం నా బతుకులో అదే మొదలు. అన్న బస్సు దాకా వచ్చాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, వాడు తువ్వాల నోట్లో కుక్కుకుని నిలబడి ఉన్నాడు. దిగి పోయి పట్టుకోవాలనిపించింది, మొత్తాలనీ అనిపించింది.

అనుభవం లేదని మా టెండరు పక్కన పెట్టారు. పని మా అన్న వాళ్లకే వచ్చింది. షెడ్డు యజమాని ఇంక ఆగలేదు. రేకులు విప్పుతుంటే మా ఆయన అక్కడే నిలబడి, ఏ బోల్టు ముందు విప్పాలో ఆ కూలీలకు చెబుతున్నాడు. ఇప్పుడు అక్కడ వరుసగా గదులు, ప్రతి గది ముందూ ఆరేసిన కంపెనీ బట్టలు.

ఆయన కంపెనీల వెంట తిరిగాడు. లేబర్ కాంట్రాక్టర్లు ఆయన తలలో తెల్లవెంట్రుకలు చూసి, "చాచా, ఉమర్ జ్యాదా హై" అనేవాళ్లు, వయసు మీరిందని. పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయేవాడు. మధ్యాహ్నానికి వచ్చి ఆ చొక్కా మడత నలగకుండా విప్పి వంకెకు తగిలించేవాడు. నేను చూడనట్టు వంటింట్లోకి పోయేదాన్ని. ఆయన్ను పట్టుకుని ఏడ్వాలని ఉండేది. ఏడిస్తే ఆయన కూడా ఏడుస్తాడేమోనని భయం.

అప్పుడు అన్న ఫోను చేశాడు. చాలా రోజులకు ఆ పేరు నా ఫోనులో వెలిగింది. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

"బిడ్డా, మంచిగున్నవా?" అన్నాడు. "ముత్తంగి కాడ షెడ్డు కిరాయికి తీస్కున్నం. బండ్ల పని ఎవ్వనికి చేతనైతలేదు. పిడి సక్కగ వస్తలేదు, ఆఫీసోళ్లు వాపస్ పంపుతున్నరు. బావ వస్తడేమో అడుగు. రోజువారి లెక్క ఇస్తం. బయటోళ్ల కంటె ఎక్కువనే ఇస్త."

"సిగ్గున్నదా నీకు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాడకట్టంతా వినేట్టు అన్నాను. చచ్చినా నీ గడప తొక్కనన్నాను, నువ్వు చచ్చినా రానన్నాను. అవతల వాడు ఫోను పెట్టేయలేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది.

మా ఆయన వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. "వస్త బావా. రేపటి సంది వస్త" అని పెట్టేశాడు.

నేను కొంగు నడుముకు బిగించి ఆయన మీద పడ్డాను. "నీకు పౌరుషం లేదా? ఏ ముఖం పెట్టుకొని పోతవ్? గంత మాట అన్నోని కాడికి పోయి గదే పని చేస్తవా?"

"ఊకె కూసుంటే చేతులు గుంజుతున్నయే" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు, "నేను పోకపోతే నీకు పుట్టిల్లు లేకుంటైతది. గది నాకొద్దు."

తలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నా కోసం నా అన్న చేయనిది, ఆయన చేస్తున్నాడు. చేయొద్దని అరవాలనుంది. పొమ్మని తోసే బతుకూ ఉంది, బియ్యం డబ్బా ఉంది, కిరాయి ఉంది.

పొద్దున్నే లేచి వంకాయ కూర చేశాను. ఇస్త్రీ చొక్కా తీస్తే వద్దన్నాడు, నిప్పురవ్వలకు చిల్లులు పడ్డ పాత చొక్కా వేసుకున్నాడు. టిఫిన్ డబ్బా మూత సరిగా పట్టలేదు. ఆయనే నొక్కి పెట్టాడు. "పోయొస్త" అన్నాడు, రోజూ షెడ్డుకు పోయేటప్పుడు అన్నట్టే. మా అన్న ఫోనులో ఆ మాట అన్న రోజు అది అబద్ధం. ఈ రోజు నుంచి మా ఆయన వాడి దగ్గర వెల్డింగ్ కూలీ. అన్నం కట్టి పంపింది నేనే.